మేకలు వదిలిన జాగా

పెద్దమందడిలో మేకలింటి జములమ్మ ఇల్లు ఏదని కొత్తవాళ్లు అడిగితే, ఆ వీధివాళ్లు చెయ్యెత్తి చూపించే శ్రమ కూడా తీసుకునేవారు కాదు. "జర ముందుకు పోండ్రి, పోతు కంపు కొడ్తది, గదే ఇల్లు" అనేవారు. వెటకారమే గానీ అబద్ధం మాత్రం కాదు. ఒంటి గది మట్టి మిద్దె అది. వెనక దొడ్డి అని పేరే గానీ, గోడకూ గోడకూ నడుమ మంచం అడ్డంగా పట్టని సందు. ఆ గదిలోనే పొయ్యి, కుండలు, పడక, గంప కింద కోళ్లు, గుంజలకు కట్టిన మేకలు. వాటన్నిటికీ పెద్దమనిషిలా గడ్డం వేలాడేసుకుని ఒక ముసలి మేకపోతు. మిగిలిన చోటులో మనుషులు సర్దుకునేవారు.

చోటులేని ఇళ్లలో కోడినీ మేకనూ లోపల కట్టుకోవడం పాలమూరు పల్లెల్లో వింతేమీ కాదు. వానకు, తోడేలుకు, దొంగకు భయపడి అందరూ చేసేదే. కానీ పోతును ఇంట్లో కట్టుకున్నవాళ్లను మాత్రం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. దాని కంపు తినే గటకలో కూడా కలుస్తుంది. దాన్ని తెచ్చింది జములమ్మ కాదు, ఆమె అత్త రుక్కమ్మ. పాలిచ్చే మేకనిచ్చి, పెబ్బేరు సంతలో ఎవరికీ అక్కర్లేని ఆ పోతును మార్చుకొచ్చింది. ముసల్దానికి మతి పోయిందని వీధంతా నవ్వుకుంది. నవ్వడానికి ఏం పోయింది, ఒక్కరైనా ఎందుకని అడిగారా అంటే అదీ లేదు.

అవి యుద్ధం రోజులు. ఎక్కడో జరుగుతున్న యుద్ధానికి ఇక్కడి జొన్నలు కొలిచి ఇమ్మన్నారు. లెవీ గింజల కోసం వచ్చేవాళ్లు ఇంటింటికీ దిగి గాదెలూ కుండలూ వెతికేవారు. గింజలు దాచారని తెలిస్తే ఆ ఇంటి మగవాణ్ని చావడికి తీసుకుపోయేవారు. ఆ రోజుల్లోనే జములమ్మ తొలి కాన్పుకు ఆత్మకూరులోని తల్లిగారింటికి బయలుదేరింది. మొగుడు కురుమూర్తి ఊరి బయటిదాకా బండి వెనకే నడిచి వచ్చాడు. పెళ్లినాడు ఆమె తండ్రి పెట్టిన ఎర్ర రుమాలు తలకు చుట్టుకుని ఉన్నాడు. "కొడుకైతే నా మీసాలు రావాలె, బిడ్డైతే మా అమ్మ నోరు రావాలె" అని నవ్వించి పంపాడు. రుక్కమ్మది అప్పట్లో వీధి చివరికి వినిపించే నోరు.

బిడ్డ పుట్టింది. బాలనాగమ్మ అని పేరు పెట్టారు. కురుమూర్తి చూడటానికి రాలేదు. పురుటికీ రాలేదు, తొట్లెలో వేసేనాడూ రాలేదు, నెలలు గడిచినా రాలేదు. జములమ్మ పిల్లను చంకనేసుకుని తనంతట తానే తిరిగి వచ్చేసరికి ఇంట్లో మొగుడు లేడు, మేకలున్నాయి. అంతకుముందు సందులో తడక కింద ఉండేవి గది నడుమకు వచ్చి నెమరు వేస్తున్నాయి.

"ఏడి అత్తా ఆయన?" అని అడిగింది.

"లెవీ వాండ్లొచ్చిన్రు. దొరికితే చావడికి గుంజుకపోతరని పారిపోయిండు. రాయచూరు దిక్కు పోయిండో, బొంబాయే పోయిండో. వస్తడు" అంది రుక్కమ్మ, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ. తల మాత్రం ఎత్తలేదు.

"మరి మేకలెందుకు లోపలికొచ్చినయ్?"

"బయట తోడేలు మరిగింది" అంది. అంత నోరున్న మనిషి ఆ తర్వాత రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప.

మేకలు ఎలా పడుకుంటాయో మేకలున్న ఇంట్లో చెప్పక్కర్లేదు. ఒకదాన్నొకటి ఆనుకుని, ఒకదాని మెడ మీద ఇంకొకటి మెడ వేసి, వేలు దూర్చే సందు లేకుండా పడుకుంటాయి. ఈ ఇంట్లో అలా కాదు. గది నడుమ, వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన గవాచి కిందుగా, ఒక మనిషి పడుకునేంత నేలను ఖాళీగా వదిలి చుట్టూరా పడుకునేవి. పలుపులు వదిలేసినా అంతే. చలికి ఒళ్లు వణుకుతున్నా అంతే.

జములమ్మ అది గమనించింది ఒక సంధ్యవేళ, దీపం వెలిగిస్తూ. చెయ్యి ఆగిపోయింది. ఆ చోటు కురుమూర్తి పడుకునే చోటు. ఎంత ఉక్కపోసినా, వాకిట్లో చల్లగాలి తోలుతున్నా అతను అక్కడే గొంగడి పరిచేవాడు. ఎందుకయ్యా అంటే, మా నాయిన ఈడనే పంటుండె అనేవాడు. ఇప్పుడు మేకలు ఆ చోటు చుట్టూ పడుకుని, మొహాలన్నీ లోపలికే తిప్పి చూస్తున్నాయి. అక్కడ ఎవరో ఉన్నట్టు, వాళ్లకు నిద్ర చెడకూడదన్నట్టు చూస్తున్నాయి.

కోళ్లూ అంతే. నూకలు చల్లితే ఇల్లంతా గీరి గీరి ఏరుకునేవి, ఆ చోటు అంచుకు వచ్చి ఆగిపోయేవి. నూక గింజ ఒకటి అందులోకి దొర్లితే మెడ వంచి చూసేవి, ముక్కు ఆనించేవి కావు. బాలనాగమ్మ పాకడం మొదలుపెట్టాక ఇంకో వింత. పిల్ల ఆ చోటుకు పాకగానే పోతు లేచేది. కొమ్ములు వెనక్కి వాల్చి, నుదుటితో పిల్లను మెల్లగా, ఒక్క గీత కూడా పడకుండా, గోడ దాకా నెట్టుకొచ్చి వదిలేది. పిల్ల అది ఆటనుకుని కిలకిలా నవ్వి మళ్లీ పాకేది. పోతు మళ్లీ లేచేది.

మొదట్లో జములమ్మకు భయం వేసిన మాట నిజం. అయితే మొగుడి జాడ తెలియని ఆడది దేన్నయినా పట్టుకుని వేలాడుతుంది. మెల్లమెల్లగా ఆ భయమే ఆమెకు ధైర్యమైంది. మూగజీవాలకు మనకన్నా ఎక్కువ తెలుస్తుంది, మనిషి బతికే ఉన్నాడు, వస్తాడు, అందుకే జాగా ఉంచాయి అని మనసులో ఖాయం చేసుకుంది. ఒక సాయంత్రం అటక మీది నుంచి కురుమూర్తి గొంగడి దించి, దులిపి, ఆ ఖాళీలో పరిచింది.

రుక్కమ్మ గబగబా వచ్చింది. "గొంగడి తియ్యి" అంది.

"తియ్య. ఆయన జాగ ఆయనకే ఉండనీ."

"తియ్యమంటున్న గదనే!"

"గొంగడి నిన్నేమంటున్నది అత్తా? నువ్వు తల్లివా, పగదానివా?" అని జములమ్మ కసురుకుంది. రుక్కమ్మ గదికి వీపు పెట్టి, గడపలో వీధి వైపు తిరిగి కూర్చుంది. ఆనాటి నుంచి సాయంత్రమైతే ఆమె కూర్చునే తీరు అదే. వేపాకు పొగ మాత్రం రోజూ వేసేది. ఎందుకంటే పేలకు, గోమార్లకు అనేది.

జములమ్మ దీపం పెట్టగానే గొంగడి పక్కన కూర్చుని ఆనాటి ముచ్చట్లన్నీ చెప్పేది. పిల్లకు పన్ను వచ్చిందని, కలుపు తీసేచోట మేస్త్రి ఇలా అన్నాడని. ఒకరోజు "నీకు ఇనొస్తున్నదా?" అని ఊరికే నవ్వుతూ అడిగింది. నెమరు వేస్తున్న మేకలన్నీ ఒక్కసారి దవడలు ఆపాయి. చెవులన్నీ గొంగడి వైపు తిరిగాయి. గడపలో కూర్చున్న రుక్కమ్మ భుజాలు వణకడం జములమ్మకు కనిపించింది. అత్తకు చలి పెట్టిందేమో అనుకుంది.

ఊళ్లోవాళ్లకు వేరే పని ఏముంది! కురుమూర్తిని రాయచూరు టేసన్‌లో చూశామన్నవాళ్లున్నారు. పోయినట్టే, ఇక గాజులు తీయించండని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆత్మకూరు నుంచి జములమ్మ తండ్రి ఎద్దుల బండి కట్టుకుని వచ్చాడు. వాళ్లలో మారుమనువు తప్పు కాదు. "ఎన్నాండ్లు సూస్తవ్ బిడ్డా? మంచి సంబంధం ఉన్నది. పిల్లను గూడ సాదుకుంటమంటున్నరు, రా" అన్నాడు.

"మేకలు ఆయన జాగ ఇడిసినన్నాండ్లు నేను రాను నాయినా" అంది జములమ్మ. తండ్రి తల పట్టుకున్నాడు. రుక్కమ్మ గడపలో ఉండి అంతా విన్నది. పొమ్మని అనలేదు, ఉండమని అనలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. కూలి దొరకలేదు, మేకల పొదుగులు ఎండాయి. అంబలిలో గింజలకన్నా నీళ్లే ఎక్కువయ్యాయి. బాలనాగమ్మ పక్కటెముకలు బయటపడ్డాయి. రుక్కమ్మ తన ముంతలోది కూడా పిల్లకే పోసి, కడుపు మాడ్చుకుని కూలికి తిరిగేది. వానలు ఆఖరికి ముసురై పట్టాయి. ఆ ముసురుకు సందులోని వెనక గోడ నానిపోయి కుప్పగా కూలింది.

ముసురులో ఒక మధ్యాహ్నం లింగాల నుంచి మేకలు కొనే పెంటయ్య వచ్చాడు. రుక్కమ్మ ఇంట్లో లేదు. పోతును బేరం చేద్దామని గడపలో నిలబడి, నెత్తిన గోనెసంచి దులుపుకుంటూ లోపలికి చూశాడు. వానకు మేకలన్నీ పడుకుని ఉన్నాయి. పెంటయ్య పోతు సంగతి మరిచిపోయి ఆ ఖాళీ వైపే చూశాడు.

"ఇంట్ల పాతరున్నదా పిల్లా?"

"పాతరా? తెల్వదే. ఎందుకు?"

"మేకలు పాతర మీద పండుకోవు. కింద డొల్ల ఉంటే డెక్కలకు ఎరుకైతది. ఆడ మీ ఇంటాయన పంటుండెనా?"

"అవును. నీకెట్ల తెలుసు?"

పెంటయ్య నవ్వాడు. "తెల్వకేమున్నది? జొన్నల పాతర మీద ఇంటి మగోడు కావలి పండుకుంటడు. కొన్ని ఇండ్లల్ల కొడుకు పుట్టేదాక కోడలికి గా జాగ చెప్పరు. నీకు బిడ్డ పుట్టె గదా, మీ అత్త నోరు ఇప్పలేదు!" అని, పోతు బక్కగా ఉంది మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

జములమ్మ ఇన్నాళ్లూ మొగుడి కోసం ఉంచిన జాగా అనుకుని మురిసింది, తీరా చూస్తే అది జొన్నల గుంత. ఆమెకు ముందు సిగ్గేసింది, గొంగడితో చెప్పుకున్న ముచ్చట్లన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపం వచ్చింది. కింద జొన్నలుండగా నా పిల్ల పక్కటెముకలు లెక్కకొస్తున్నాయే, ఈ ముసల్ది మనిషేనా అని పళ్లు కొరికింది.

పొద్దుగూకి రుక్కమ్మ రాగానే నిలదీసింది. "ఇంట్ల పాతరున్నదా అత్తా?"

రుక్కమ్మ చేతిలోని గడ్డిమోపు జారింది. "ఉండె. మీ మామ కాలంల. ఉత్తది. దాని జోలికి పోకు."

"పిల్ల ఆకలికి సస్తున్నది. పిడికెడు గింజలుంటే..."

"జొన్నలు లేవు! లేవంటే లేవు!" అని రుక్కమ్మ అరిచింది. అన్నాళ్లుగా మూగపోయిన ఆ గొంతు వీధి చివరి దాకా వినిపించింది. గంప కింద కోళ్లు బెదిరి రెక్కలు కొట్టుకున్నాయి.

మర్నాడు ముసురు విడిచింది. రుక్కమ్మ కలుపుకు పోగానే జములమ్మ పిల్లను పక్కింటి పార్వతమ్మకు అప్పజెప్పి వచ్చింది. మేకలను సందులోకి తోలింది. గొంగడి మడిచి పక్కన పెట్టి, అలుకు పెళ్లలు లేపి, గడ్డపారతో తవ్వింది. మూరెడు లోతున బండ తగిలింది. గడ్డపార మొనతో బండను ఒక పక్కకు జరపగానే లోపలి నుంచి చల్లటి, ముక్కిన గాలి ఒకటి మొహానికి కొట్టింది. సందులో అప్పటిదాకా అరుస్తున్న మేకలు ఒక్కసారిగా నోళ్లు మూశాయి.

పాతర అంటే మూతి ఇరుకు, కడుపు వెడల్పు. లోపల మూసి ఉంచిన గింజల ఆవిరి మనిషిని చిటికెలో చంపేస్తుంది. బండ తీసి గాలి పోనిచ్చి, తాడుకు దీపం కట్టి దించి, అది ఆరకుండా ఉంటేనే కాలు పెట్టాలి. ఆత్మకూరులో తండ్రి చేస్తుంటే జములమ్మ చిన్నప్పటి నుంచి చూసిందే. బుడ్డిదీపం చేంతాడుకు కట్టి దించింది. సగం లోతుకు పోకుండానే ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించింది. మళ్లీ ఆరింది. ఇక గాలి పోయేదాకా ఆగడమే అనుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. గవాచిలోంచి ఎండ గదిలో పడి, మెల్లగా జరుగుతూ జరుగుతూ పాతర మూతి మీదికి వచ్చింది. జములమ్మ ముందుకు వంగి చూసింది. జొన్నలు. పచ్చజొన్నలు, రాశి పోసినట్టు! ముసల్దాన్ని తిట్టడానికి నోరు తెరిచింది. ఎండ ఇంకాస్త లోపలికి జరిగింది. జొన్నల మీద, గోడకు వీపు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని, అలసిపోయి కునుకు తీస్తున్నట్టు ఒక మనిషి. తల వంగి ఉంది. మొహం కనిపించలేదు. తలకు చుట్టిన ఎర్ర రుమాలు మాత్రం రంగు కూడా పోలేదు.

ఆమె గడ్డపారను మూతికి దూరంగా, చప్పుడు కాకుండా పెట్టింది.

ఎంతసేపటికో వాకిట్లో అడుగుల చప్పుడైంది. మనసు నిలవక చేను మధ్యలోనే వదిలి వచ్చిన రుక్కమ్మ, గడపలో అడుగుపెట్టి తెరిచిన బండను చూసింది. గడపలోనే కూర్చుంది, ఈసారి గది వైపు తిరిగి.

"లెవీ వాండ్లు వీధి మొదట్లకొచ్చిన్రు" అంది. "గింజలు దాస్తిమి, మనిషినేడ దాయాలె? బండ తీసిన. గాలి పోనీ నాయినా, జర ఆగు అన్న. ఆగితే దొరుకుత అమ్మా అని దుంకిండు. నేను బండేసిన. పేడతోని అలికిన. మేకలను లోపలికి తోలిన. గా మేకల కంపుకు వాండ్లు గడప దాటలే. అరుగు మీదనే కూసున్రు, పొద్దుగూకేదాక లేవలే."

"పిలిచినవా?" అని అడిగింది జములమ్మ.

"కాలుతోని నేల తట్టిన. మెల్లగ పిలిచిన, కుర్మయ్యా, కుర్మయ్యా అని. పలుకలే. ఉలుకు లేదు, పలుకు లేదు." రుక్కమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని, మళ్లీ తీసింది. "నా కొడుకు ఎంత హుషారుగాడు, ఎట్ల సప్పుడు చేయకుండ కూసున్నడు అని మురిసిన, పిల్లా. వాండ్లు పోయేదాక నేను మురుసుకుంట కూసున్న."

జములమ్మకు ఆ ముసల్దాని జుట్టు పట్టుకుని గోడకు కొట్టాలనిపించింది. ఆ మాట దాచడం ఎందుకు, నిజంగానే లేచింది. రెండడుగులు వేసి చెయ్యెత్తింది కూడా. "నాకెందుకు చెప్పకపోతివి? ఇన్ని నెల్ల సంది ఆ గొంగడితోని మాట్లాడ్తుంటే చూసుకుంట కూసుంటివి గదనే!"

"చెప్తే నీ గాజులు పలగ్గొడ్తరని..." అని మొదలుపెట్టి రుక్కమ్మ తల అడ్డంగా ఊపింది. "కాదు. గది గూడ అబద్ధమే. చెప్తే నువ్వే మూసినవా అంటరు. నువ్వే మూసినవా అని నన్నెవరూ అడగొద్దని మళ్ల బండేసిన, ఎవరికీ చెప్పలే."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. అప్పుడు జములమ్మకు పోతు ఎందుకు వచ్చిందో తెలిసింది. వేపాకు పొగ ఎందుకో, కాళ్ల కింద ఇన్ని జొన్నలుండగా ఆ మనిషి కడుపు ఎందుకు మాడ్చుకుందో తెలిసింది. చెయ్యి దించి, పక్కనే కూర్చుని ఏడ్చింది. ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. పార్వతమ్మ ఇంటికీ వీళ్ల ఇంటికీ నడుమ ఒకటే గోడ.

వాళ్ల ఇంటివాళ్లను మన్నులో పెట్టడమే ఆచారం. మన్నుకు దూరం పోనక్కర్లేదు, సందులో కూలిన గోడ ఉంది. జములమ్మ ముందు గొంగడిని లోపలికి వదిలింది. అది సరిగ్గా అతని భుజాల మీద పడింది. పార్వతమ్మ దగ్గర నుంచి పిల్లను తెచ్చి, దాని చేతికి పిడికెడు మన్నిచ్చి వేయించింది. బాలనాగమ్మ ఆటనుకుని నవ్వి ఇంకో పిడికెడు వేసింది. ఇద్దరాడవాళ్లూ తట్టలతో మోసి మోసి గుంతను మూతిదాకా నింపారు. ఆకలితో ఉన్నవాళ్లే, పిడికెడు జొన్నలు కూడా తీయలేదు. వీధివాళ్లు చూసి, గోడ మన్ను ఎత్తిపోస్తున్నారనుకున్నారు.

పని అయ్యాక రుక్కమ్మ చేతులు కడుక్కోకుండానే అంది: "ఆత్మకూరు పో పిల్లా. మీ నాయిన చెప్పిన సంబంధం చేసుకో. నీకు ఈ ఇంట్ల ఏమున్నది?"

"నువ్వొక్కదానివే ఈ నేల మీద ఎట్ల నడుస్తవ్?" అంది జములమ్మ. ప్రేమతో అన్నదని అనుకోకండి. కోపం అందులో సగం, ఇంకో సగం ఏమిటో ఆమెకే తెలియదు. కానీ ఉండిపోయింది.

సాయంత్రం మేకలను లోపలికి తోలారు. పోతు ముందు వచ్చింది. కొత్తగా అలికిన చోటును వాసన చూసింది. ఒక చుట్టు తిరిగి, మోకాళ్లు మడిచి, అక్కడే పడుకుంది. దాని వెనకే మిగతావి వచ్చి ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. కోడి ఒకటి ఆ చోట గీరి, దొరికిందేదో ముక్కున కరుచుకుంది. బాలనాగమ్మ పాకుతూ పోయి పోతు కడుపుకు ఆనుకుంది. పోతు లేవలేదు. గదిలో ఎక్కడా ఎవరికీ జాగా మిగల్లేదు.

"పోయిండు" అంది రుక్కమ్మ గుసగుసగా.

అప్పుడే పార్వతమ్మ నీళ్లబిందెతో వీధిలో పోతూ, రోజూ అడిగినట్టే అడిగింది: "జములా, మీ ఆయన జాడేమన్న తెలిసెనా?"

రుక్కమ్మ కళ్లు మూసుకుంది, దెబ్బ పడుతుందని ముందే తెలిసినట్టు. జములమ్మ అత్త మొహం చూసింది, తన చేతి గాజులు చూసుకుంది.

"లేదక్కా. వస్తడు" అంది.

ఆ గాజులు ఆమె ఎన్నడూ తీయలేదు. యుద్ధం పోయింది, లెవీ పోయింది, రుక్కమ్మ ఆ ఇంట్లోనే, పోతు పక్కనే పడుకుని పోయింది. అత్త పోయాకైనా నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అప్పటికి ఆ అబద్ధం ఆమెదే అయిపోయింది. తల ముగ్గుబుట్ట అయ్యాక కూడా ఎవరైనా సరదాకు మొగుడి మాట ఎత్తితే, "వస్తడు" అనేది. అని, ఊరికే నేలను కాలితో మెల్లగా తట్టేది. తట్టి, ఒక్క క్షణం చెవి ఒగ్గి వినేది.